పోటీ అయ్యేదాకా దొరికిన ఇల్లు

నేను జీవితంలో ఒకే ఒక్కసారి వ్యాపారం చేశాను. మా బావమరిదితో కలిసి బనగానపల్లె దగ్గర ఒక మామిడితోట కాపును గుత్తకు పట్టాను. కాయ ముదిరే వేళకు గాలివాన వచ్చి తోటంతా నేల రాలింది. రాలిన కాయలతో మా ఆవిడ ఊరగాయ పెట్టింది. ఏళ్ళ తరబడి అదే తిన్నాం. జాడీ మూత తీసిన ప్రతిసారీ ఆమె నా వైపు ఒక చూపు చూసేది. అలాంటివాడికి ఉద్యోగం చివరి రోజుల్లో పిల్లలకు వ్యాపారం నేర్పమని ఉత్తర్వు వచ్చింది. అదీ మామూలు వ్యాపారం కాదు, సమాజానికి మేలు చేసే వ్యాపారం.

మాది జమ్మలమడుగు పక్క. గండికోట చూపించడానికి పిల్లల్ని తోలుకుపోవడంలో సగం సర్వీసు గడిపిన సోషల్ టీచర్ని. రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు ఆదోని దాటి లోపలికి పోయే ఒక ఊళ్ళో హైస్కూల్లో పనిచేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటివాళ్ళకు ఆ పక్క పోస్టింగ్ వస్తే మొదట నేర్చుకోవలసిన మాట సుగ్గి. వానకాలం పంట ఇంటికి చేరాక ఊళ్ళో పని ఉండదు. ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని గుంటూరు పక్క మిరప చేలకు కోతకు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఎండలు ముదిరాక తిరిగొస్తారు. ఆ నెలల్లో క్లాసులో హాజరు పిలుస్తుంటే, రాని పిల్లల పేర్లకు పక్కన కూర్చున్న పిల్లలే బదులు చెబుతారు. "సుగ్గి సార్." మొదటి ఏడు ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. రెండో ఏటికి అలవాటైపోయింది. 'యెస్ సార్' ఎంతో 'సుగ్గి సార్' అంతే అయింది.

తొమ్మిదో తరగతిలో ఒక పాప ఉండేది. పాప అనే రాస్తాను, ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. అంతకుముందు ఏడు తల్లిదండ్రుల వెంట సుగ్గికి పోయి వచ్చేసరికి లెక్కల్లో సగం పాఠాలు అయిపోయాయి. ఈసారి పోనంటే పోనని ఇంట్లో పట్టుబట్టింది. పక్కింట్లో ఒకావిడ ఉండేది. పాప ఆమెను పెద్దమ్మ అనేది. చుట్టరికం ఏమీ లేదు, రెండిళ్ళకూ నడుమ గోడ ఒకటే. ఆవిడ కొడుకులూ కోడళ్ళూ సుగ్గికి పోతారు, ఆవిడ మాత్రం బర్రెలు చూసుకుంటూ ఊళ్ళోనే ఉంటుంది. పాపను తన దగ్గర పెట్టుకుంటానని ఆవిడ ఒప్పుకుంది. ఆ పిల్ల చదువంతా ఆ ఒక్క ఇంటి మీద ఆధారపడి ఉందని నాకు తెలుసు. ముందే తెలుసు. తెలియక చేశాడులే పాపం అని ఎవరూ అనుకోకూడదని ఇక్కడే చెబుతున్నాను.

ఉత్తర్వులో వచ్చిన ఆ కొత్త పాఠం శనివారం చివరి పీరియడ్లలో. పిల్లలు జట్లుగా కూర్చుని ఊళ్ళో ఒక సమస్యను పట్టుకోవాలి. దానికి ఒక పరిష్కారం ఆలోచించాలి, అది తన ఖర్చు తాను రాబట్టుకునేలా నడపాలి, ఆఖర్న కర్నూల్లో పెద్దల ముందు నిలబడి చెప్పాలి. నాకిచ్చిన శిక్షణలో ఒకాయన పదే పదే ఒకటే ప్రశ్న వేశాడు. "మీ కస్టమర్ ఎవరు?" ఆ ప్రశ్న నాకు తెగ నచ్చింది. మామిడితోటలో నాకు తెలియకపోయింది ఇదేనేమో అనిపించింది. క్లాసుకు వచ్చి, అడిగినదానికీ అడగనిదానికీ పిల్లల మీద అదే ప్రయోగించాను.

పాప లేచి నిలబడింది.

"సార్, సుగ్గికి పోయేటోళ్ళ పిల్లోళ్ళనంతా ఊర్లోనే ఒక ఇంట్లో పెట్టుకుంటే ఎట్లుంటాది సార్? ఎవురి జొన్నలు వాళ్ళు ఇచ్చిపోతారు. ఊర్లో ఉండే అవ్వోళ్ళు వండి పెడతారు. మా పెద్దమ్మ నన్ను పెట్టుకుంటాండాది గదా, అట్లనే అందురికీ."

"బాగుంది పాపా. మరి కస్టమర్ ఎవరు?"

"మేమే సార్."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "మీరే కస్టమర్లయితే దుడ్లు ఎవరిస్తారమ్మా? అది సేవ. వ్యాపారం కాదు. ఏదైనా వస్తువు చెప్పు, చేత్తో పట్టుకుని చూపించేది."

పాప కూర్చుంది. పక్కనున్న పిల్ల, ఎప్పుడూ కిటికీ దగ్గరే కూర్చునేది, "ఎండు రొట్టెలు సార్" అంది.

సుగ్గికి పోయే ముందు ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ గంపలకొద్దీ జొన్నరొట్టెలు తట్టి, పెనం మీద కాల్చి, కటకటలాడేలా ఎండబెట్టి మూట కడతారు. చేను గట్టున గుడిసె వేసుకున్న చోట గురెళ్ళ పొడితో, అంటే వెర్రినువ్వుల కారంతో, అవే తిండి. ఒక్క మనిషి తట్టితే తెమిలేది కాదు. అందుకని ఈ రోజు ఈ ఇంటికి వీధిలో ఆడవాళ్ళంతా వస్తారు, మరో రోజు మరో ఇంటికి పోతారు. ముయ్యి అంటారు దాన్ని. కూలి మాట ఉండదు, పనికి పని. ముయ్యి నాకు కొత్తేమీ కాదు, మా పక్క శెనక్కాయలు కొట్టడానికి మా అమ్మా ఇలాగే పోయేది. అయినా ఆ శనివారం నాకు ముయ్యి కనబడలేదు, రొట్టెలు కనబడ్డాయి. పట్నాల్లో షుగరు భయంతో జనం జొన్నరొట్టె కోసం తిరుగుతున్నారు. నా కస్టమర్ దొరికాడు.

మా హెడ్మాస్టరు మంచి మనిషే, బహుమతుల పిచ్చి మాత్రం తక్కువ కాదు. కబడ్డీ నుంచి ముగ్గుల దాకా ఎక్కడ పోటీ జరిగినా మా బడి పేరు ఉండాలి. రొట్టె ముక్క కొరికి, నమిలి, "సార్, ఈ తూరి మనదే" అన్నాడు. నేను కర్నూల్లో తెలిసిన అంగడతనితో మాట్లాడి ఆర్డరు తెచ్చాను. పిల్లలు కవర్ల మీద బొమ్మలు వేశారు. పాప వీధిలోని ఆడవాళ్ళే రొట్టెలు తట్టారు, రొట్టెకింత అని కూలి కట్టించాం. మొదటి సరుకు పోయిన రోజు హెడ్మాస్టరు నాకు శాలువా కప్పి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ శాలువా మా బడి బీరువాది. ఎవరికి సన్మానం చేసినా ఫోటో అయ్యాక తిరిగి లోపలికి పోయేది. అయినా ఆ రోజు అది నా భుజం మీద బరువుగా, హాయిగానే ఉంది.

సుగ్గి దగ్గర పడింది. అప్పుడే అంగడతను ఇంకా పంపమన్నాడు. పోటీ కూడా ముంచుకొచ్చింది. సరిగ్గా ఆ సమయంలో పాప బడి మానేసింది. కర్నూల్లో మా జట్టు తరఫున మాట్లాడవలసింది తనే. ఏమైందో చూద్దామని ఇంటికి వెళ్ళాను.

తల్లి పొయ్యి ముందు ఒక్కతే ఉంది. పాప పక్కన కూర్చుని రొట్టెలు తడుతోంది. ముఖం మీద పిండి.

"ఏమ్మా, పాపను బడికి పంపలేదు?"

"ముయ్యికి ఎవురూ రాలే సార్" అంది తల్లి, పెనం మీద నుంచి చూపు తిప్పకుండా. "అందురూ మీ ఆర్డరు రొట్టెలు తట్టనీకి పోతాండారు. దుడ్లొచ్చే పని ఇడిసిపెట్టి మాకు ఊరికే ఎట్ల తడతారు? నేనూ మొన్నటిదాకా ఆడనే తట్టినా. నాకు మాత్రం దుడ్లు చేదా?"

"పక్కింటి పెద్దమ్మ రాలేదా?"

పాప చెయ్యి ఆగింది. తల్లే చెప్పింది.

"ఆయమ్మ కొడుకులు పోయేటప్పుడు గంపెడు రొట్టెలు తట్టిచ్చినా సార్ నేను. నా తూరి వచ్చేసరికి నడుము నొప్పంట. ఆర్డరుకు పోనీకి మాత్రం నొప్పి ల్యా. నాకు కడుపు మండె. అట్లయితే నీ కొడుకులకు తట్టిన రొట్టెలకు కూలి ఈ అంటి. అనకూడదు సార్, అంటి. ఆయమ్మ వీధిలో నిలబడి ఏమనె తెలుసా? లెక్క తీసేటట్లయితే నీ కూతురు నా ఇంట్లో పండుకునేదానికీ లెక్కుంటాది, తినేదానికీ లెక్కుంటాది, కట్టిపో అనె. అందురూ ఇనిరి."

"మరి పాప?"

"మాతోనే వస్తాది. యాడ ఇడిసిపోవాల?"

నాకు నిలబడ్డ చోటే సిగ్గేసింది. ఆ వీధిలో కూలి మాట పుట్టించింది నేను. గోడ అవతలికి వెళ్ళాను. పెద్దమ్మ బర్రెకు చొప్ప వేస్తోంది. నేను నోరు తెరవకముందే అందుకుంది.

"సార్, మీరు గమ్మునుండండి. మీకు ఈ రొట్టెల సంగతి తెల్దు. పాపను నేను వద్దనలే. నా చేతుల్లో పెరిగిన పిల్ల. వాళ్ళమ్మ వచ్చి ఒక్క మాట అడగమనండి, ఉంచుకోక్కా అని. సాలు."

ఆ మాట తీసుకుని మళ్ళీ ఇవతలికి వచ్చాను. తల్లి వినదే. "కూలి అడిగిన నోటితో ఇంగేం అడగాల సార్? నాకు మొగం చెల్లదు."

అప్పుడు నేను చేయవలసింది ఏమిటో ఇప్పుడు మీకు చెప్పడం సులువు. ఆర్డరు ఆపించాలి. ఆడవాళ్ళను పిలిచి, ముందు ఈ ఇంటి రొట్టెలు తట్టండమ్మా అనాలి. వాళ్ళు కాదనేవాళ్ళు కాదు. పొయ్యి దగ్గర పదిమంది చేరాక ఆ ఇద్దరూ ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారు? ఆర్డరు ఆపడం అనే ఆలోచనే నాకు రాలేదు. బడికి తిరిగి నడుస్తున్న నా బుర్రలో ఉన్నదల్లా, పాప పోతే కర్నూల్లో మాట్లాడేదెవరని.

హెడ్మాస్టరుదీ అదే గోల. "ఆ పాప ల్యాకపోతే మిగిలినోళ్ళు మైకు చూస్తే బిగుసుకుపోతారు సార్. ఏమన్నా చేయండి."

మా బడికి ఆదోని నుంచి రోజూ బస్సులో వచ్చే హిందీ మేడం ఉండేది. పెద్ద కుటుంబం, ఇంట్లో అత్తగారూ ఆడపిల్లలూ. మధ్యాహ్నం ఎవరైనా పిల్ల ఊరికే కూర్చుని ఉంటే తన డబ్బా ఆ పిల్ల ముందుకు జరిపే మనిషి. ఆమెను అడిగాను.

"మేడం, పోటీ అయ్యేదాకా పాపను మీ ఇంట్లో ఉంచుకుంటారా?"

ఆమె నా వైపు చూసింది. ఇంకేదో చెబుతాననుకుని ఆగినట్టుంది. తర్వాత "ఉంచుకుంటా సార్, దాంట్ల ఏముంది? మా పిల్లల పక్కన పండుకుంటాది" అంది.

తల్లిని ఒప్పించడానికి నా గొంతులో ఉన్న మర్యాదంతా ఖర్చుపెట్టాను. చివరికి ఆమె, "మీ మాట మీద ఇడిసిపోతాండా సార్. పోటీ అయినంక మా మరిది వస్తాడు. వానితో పంపించే పూచీ మీది" అంది. పూచీ నాదన్నాను. మర్నాడు వాళ్ళు పోయారు. పాప తన బట్టల సంచీతో మేడం వెంట ఆదోని బస్సెక్కింది. ఎక్కుతూ నవ్వింది కూడా. ఆ నవ్వు ఎందుకో నేను ఆలోచించలేదు.

వేదిక మీద చెప్పవలసిన మాటలు నేనే రాశాను. ఆఖరి వాక్యం ఇలా ఉంటుంది: "మా రొట్టెల వల్ల మా ఊరి ఆడవాళ్ళకు ఇంటి దగ్గరే పని దొరికింది, వలస తగ్గింది." రాసేటప్పుడు అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తగ్గుతుందిలే అనుకున్నాను. ప్రాక్టీసులో పాప అక్కడికి వచ్చి ఆగింది.

"మా అమ్మ పోయింది గదా సార్?"

"అది మీ ఇంటి సంగతి పాపా. నువ్వు ఊరి సంగతి చెప్పు."

ఇంత తెలివైన సమాధానాలు నాకు జీవితంలో ఇంకెప్పుడూ తట్టలేదు.

కర్నూల్లో పెద్ద హాలు. బడికొక బల్ల. మా బల్ల మీద కొత్త గుడ్డ పరిచి రొట్టెలు గోపురంలా పేర్చాం. పాప వంతు వచ్చింది. ఎక్కడా తడబడలేదు. ఆఖరి వాక్యం మాత్రం ఎదురుగా కూర్చున్న న్యాయనిర్ణేతలను చూస్తూ చెప్పలేదు, పక్కన నిలబడ్డ నన్ను చూస్తూ చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఒక న్యాయనిర్ణేత, పెద్దావిడ, ముచ్చటపడి మైకు తీసుకుంది.

"మీ అమ్మగారు కూడా రొట్టెలు చేస్తారా?"

"చేస్తాది మేడం."

"ఇప్పుడు ఊళ్ళోనే పని కదా. సంతోషంగా ఉందా అమ్మ?"

పాప మైకు దగ్గరికి జరిగింది. నిజం చెప్పేస్తుందేమోనని భయపడ్డాను, చెప్పుకుంటే సిగ్గుచేటు.

"ఉండాది మేడం" అంది.

తొమ్మిదో తరగతి పిల్ల తన సారు పరువు కాపాడింది. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది అహోబిలం భక్తుల కోసం ఆకుల పళ్ళేలు కుట్టించిన బడికి పోయింది. ఆకులు ఎవరైనా కుడతారని హెడ్మాస్టరు దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

నేనూ మేడమూ పాపను తీసుకుని కర్నూలు బస్టాండుకు వెళ్ళాం. తల్లి చెప్పిన మరిది, పాప చిన్నాయన, మూటలతో అక్కడే ఉన్నాడు. గుంటూరు బస్సు ప్లాట్‌ఫారం మీదికి తిరగగానే జనం ఎగబడ్డారు. నేను ముందుకు ఉరికి కిటికీలోంచి నా తువ్వాలు విసిరి సీటు పట్టాను. ఆ వయసులో అంత చురుకు చూపించినందుకు నాకే గర్వమేసింది. వెనక్కి తిరిగితే పాప నా పక్కనే నిలబడి ఉంది. క్లాసులో డౌటు అడిగినట్టు అడిగింది.

"సార్, పోటీ అయ్యేదాకా ఇల్లు దొరికె గదా. పరీక్షలయ్యేదాకా దొరకదా?"

ఆ గొంతులో నిష్టూరం లేదు. ఉంటే బాగుండేది. బస్సెక్కుతూ నవ్విన నవ్వు ఎందుకో అప్పుడు అర్థమైంది. బాగా మాట్లాడితే ఉండనిస్తారని అనుకుంది ఆ పిల్ల.

"చూద్దాంలేమ్మా" అన్నాను. "ముందు ఎక్కు, సీటు పోతాది."

ఎక్కింది. కిటికీలోంచి నా తువ్వాలు మడిచి నా చేతికిచ్చింది. బస్సు కదిలాక మేడం మెల్లగా అంది.

"పరీక్షలదాకా ఉంచుకోమంటారేమో అని మా అత్తకు గూడా చెప్పి పెట్టింటి సార్. మీరు పోటీదాకానే అంటిరి. వాళ్ళమ్మతో ఏం మాటైందో ఏమోనని నేను నోరు తెరవలేదు."

బస్సు ఇంకా గేటు దాటలేదు. ముందు ఆటోలు అడ్డం ఉన్నాయి. పరుగెత్తితే అందేది. తల్లికి ఫోన్ చేసి ఒప్పించగలిగేవాణ్ణి, ఒకసారి ఒప్పించినవాణ్ణే కదా. పంపించే పూచీ నాదన్నాను, మాట తప్పకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు. పొద్దుటి నుంచి నిలబడి అలిసిపోయాను, టీ తాగాలనిపించింది. మేడంకు కూడా టీ చెప్పాను. ఆమె వద్దంది.

పాప ఎండాకాలంలో తిరిగొచ్చింది. తొమ్మిదిలో ఎవరినీ ఆపరు కాబట్టి పదిలోకి వచ్చింది. లెక్కల సారు బోర్డు మీద రాస్తుంటే రాసుకునేది, తల మాత్రం ఎత్తేది కాదు. మా అంగడతనికి ఇంకెక్కడో చవగ్గా రొట్టెలు దొరికాయి, ఆర్డరు తనంతట తానే ఆగిపోయింది. మళ్ళీ సుగ్గి రోజులొచ్చాయి. ఈసారి నేను ముందే మేడంతో మాట్లాడాను. పరీక్షలయ్యేదాకా, ఆ మాట స్పష్టంగా అని మరీ అడిగాను. ఆమె సరేనంది. ఆ సంగతి చెబుదామని పాప ఇంటికి వెళ్ళాను.

ముంగిట్లో ఆడవాళ్ళంతా కూర్చుని రొట్టెలు తడుతున్నారు. పొయ్యి దగ్గర పెద్దమ్మ. నన్ను చూసి, "రండి సార్. ఈ తూరి ఆర్డరేమన్నా తెచ్చినారా ఏంది?" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. నువ్వూ పాప వాళ్ళమ్మా ఎప్పుడు కలిశారమ్మా అని అడిగాను. "కలిసేదేముండాది సార్? బర్రె ఈనుతాంటే ఎవురో ఒకరు పట్టుకోవాల గదా. ఆయమ్మ గోడ దూకి వచ్చె" అంది. నేను రెండుసార్లు తిరిగి తెంచలేని తగువును ఒక దూడ తెంచేసింది.

తల్లిని పక్కకు పిలిచి మేడం ఇంటి సంగతి చెప్పాను. పరీక్షలయ్యేదాకా అన్నాను.

"ఇంగ వద్దులే సార్" అంది ఆమె. కోపంగా కాదు, సర్ది చెప్పినట్టు. "ఇంటికేమి, పెద్దమ్మ గూడా ఉంచుకుంటానంటాండాది. పోయిన తూరి కాయ కోయడంలో పాపకు చెయ్యి తిరిగింది. పెద్దోళ్ళకు సమంగా కోస్తాది. లెక్కలు ఎట్లాగూ రావంటాది. ఇంగ ఆడ కూర్చుని ఏం చేయాల?"

పాప దగ్గరికి వెళ్ళి, నువ్వేమంటావని అడిగాను.

"అర్థం గాడంల్యా సార్" అంది. లెక్కలనే అనుకుంటాను. ఆమె చేతిలో రొట్టె ఆగకుండా తిరుగుతోంది. దాన్ని పెనం మీద వేసి, కాలినది ఒకటి తీసి, గురెళ్ళ పొడి వేసి నాకు అందించింది. నేను తటపటాయించాను.

"తినండి సార్" అంది. "ఇది అమ్మేది కాదు."

ఆడవాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు. నిలబడే తిన్నాను. తలుపు దగ్గర మూటలు కట్టి పెట్టి ఉన్నాయి, ఆమె స్కూలు బ్యాగులో కూడా బట్టలే కుక్కినట్టున్నారు.

మీరు ఈ పాఠం నేర్పండి. నేర్పవద్దని చెప్పడానికి కాదు ఇదంతా రాసింది. పిల్లలు చురుకవుతారు, మైకు ముందు నిలబడతారు, అదంతా నిజమే. ఏ పిల్లైనా లేచి 'మేమే సార్' అంటే మాత్రం నవ్వకండి.

తర్వాతి సోమవారం పదో తరగతిలో హాజరు పిలిచాను. ఆమె పేరు దగ్గర ఆగాను, అయినా పిలిచాను. రొట్టెల మాట మొదట ఎత్తిన ఆ కిటికీ పక్క పిల్ల లేచి నిలబడింది.

"సుగ్గి సార్."

తర్వాతి పేరు పిలిచాను.